గడప దాటని కేసు

కరోనా భయం తగ్గి జనం మాస్కులు తీసేసి తిరగడం మొదలుపెట్టిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను చిలకలగూడలోని ఒక కుటుంబ సలహా కేంద్రానికి సీనియర్ కౌన్సెలర్‌గా వేశారు. ఉద్యోగ విరమణకు ముందు నా ఆఖరి పోస్టింగ్ అదే. స్వచ్ఛంద సంస్థ ఒకటి నడిపే కేంద్రం. పాత ఇల్లొకటి అద్దెకు తీసుకున్నారు. ముందు వరండా, లోపల రెండు గదులు, వెనక వంటిల్లు. వంటింట్లో పొయ్యి గట్టు మీద మా ఫైళ్లుండేవి. హోదాల సంగతి చెప్పాలంటే, అందరికన్నా పైన సూపర్‌వైజర్ సుధ గారు. ఆమె క్లినికల్ సైకాలజిస్టు. వారానికొకసారి వచ్చి మా కేసులన్నీ విని, తప్పొప్పులు చెప్పి వెళ్లేవారు. ఆమె కింద నేను. నా కింద రజిత అనే జూనియర్ కౌన్సెలర్.

కౌన్సెలింగ్ అంటే ఏమిటో పుస్తకంలో చక్కగా రాసి ఉంటుంది. ఒక గది, మూసిన తలుపు, ఎదురెదురుగా ఇద్దరు మనుషులు. చెప్పుకున్నది గది దాటి పోదు. దీన్నే గోప్యత అంటాం. సికింద్రాబాద్‌లో ఆ గది నాకు ఏనాడూ పుస్తకంలో ఉన్నట్టు దొరకలేదు. భార్యను పిలిస్తే భర్త, భర్త వెనక అత్త, అత్త వెనక ‘నేను పిల్లకు మేనమామనమ్మా’ అంటూ ఇంకొకాయన వచ్చేవారు. మగ కౌన్సెలర్ ఉన్న చోట తలుపు మూస్తే అదొక గొడవ. మానసిక వైద్యుడి పేరెత్తితే ‘మావాడికి పిచ్చి గిచ్చి ఏం లేదు’ అని లేచిపోయేవారు. కొందరు గుళ్లో అర్చన చేయించుకుని, కొందరు దర్గాలో తావీజు కట్టించుకుని, అది పనిచేయకపోతే మా దగ్గరికి వచ్చేవారు. వచ్చినవాళ్లకు తీర్పు కావాలి. తీర్పు చెప్పకూడదని మాకు నేర్పారు. మీకేమనిపిస్తోందని ఒకసారి ఒక పెద్దాయన్ని అడిగితే, మాకే అనిపించేదుంటే నీ దాకా ఎందుకొస్తం బిడ్డా అని నవ్వాడు. ఆయనన్నది నిజమే కదా! ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి చోట్ల ఎలా నెగ్గుకురావాలో నేర్చుకున్నాను. నాగమణి కేసు మాత్రం నెగ్గుకురావడానికి వీల్లేని చోటికి నన్ను తీసుకెళ్లింది.

ఆమెను మా దగ్గరికి పంపింది యాదగిరి. ఆయన రైల్వే వర్క్‌షాపులో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్. సర్వీసులో ఉండగా ఎవరైనా చనిపోతే కుటుంబానికి రావలసినవి ఇప్పించడం, ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వచ్చేలా కాగితాలు నడిపించడం ఆ ఉద్యోగంలో పెద్ద పని. యాదగిరి మనసున్న మనిషి, కానీ ఓపిక తక్కువ. ఆ రోజు మా వరండాలోకి వచ్చీ రాగానే నుదురు తుడుచుకుంటూ మొత్తం ఏకరువు పెట్టాడు.

నాగమణి భర్త ఫిట్టర్. చలికాలంలో ఒక ఉదయం డ్యూటీకి తయారవుతూ గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. నాగమణికి నలభై దాటాయి, పదో తరగతి పాసయింది. ఉద్యోగం మంజూరైంది. కాగితాల మీద సంతకాలన్నీ యాదగిరే లాలాగూడ క్వార్టర్‌కు వెళ్లి పెట్టించుకొచ్చాడు. ఇక ఆమె చేయాల్సింది వైద్య పరీక్షకు వెళ్లడం, తర్వాత డ్యూటీలో చేరడం. రెండుసార్లు పిలుపు వచ్చినా ఆమె వెళ్లలేదు. మూడో పిలుపు ఆఖరిది. వానాకాలం మధ్యకల్లా దాని గడువు తీరుతుంది. అదీ పోతే ఉద్యోగం రద్దు. ఉద్యోగం లేకపోతే క్వార్టర్ ఖాళీ చేయాలి. క్వార్టర్ పోతే ఆమె ఎక్కడికి వెళ్తుందన్నది యాదగిరికి తెలియదు.

“మనిషి మంచిదే మేడం. ఏడ్వదు, గీడ్వదు. రమ్మంటే వస్త అంటది, రాదు. ఏందో నాకు సమజైతలేదు,” అన్నాడు.

ఆయన ఇదంతా చెబుతుంటే నాగమణి వరండా మెట్టు దగ్గర నిలబడి ఉంది. నలిగిన నీలం చీర, చేతిలో నీళ్ల సీసా. లోపలికి రమ్మన్నాను. లోపల ఉక్కపోస్తుందట, వరండాలో బెంచీ మీదే కూర్చుంటానంది. అది మే నెల. మా గదుల్లో నిజంగానే ఉక్క. సరేనని నేనే కుర్చీ బయటికి తెచ్చుకున్నాను.

మొదటి కలయికను ఇన్‌టేక్ అంటాం. నిద్ర ఎలా పడుతోంది, తిండి ఎలా ఉంది, చావు ఆలోచనలు వస్తున్నాయా, ఇంట్లో ఎవరున్నారు, మనసులో మాట ఎవరితో చెప్పుకుంటారు, ఇలా వరసగా అడిగి కేస్ షీట్‌లో రాసుకుంటాం. నాగమణి అన్నింటికీ మర్యాదగా జవాబు చెప్పింది. నిద్ర పట్టడం లేదు. ఒక పూటే వండుకుంటోంది. చావాలని లేదు. ఇంట్లో ఎవరూ లేరు. మాట్లాడేవాళ్లు ఉన్నారా అంటే, పాలవాడు వస్తాడు అంది. నేను మంచినీళ్లు ఇవ్వబోతే తన సీసా చూపించింది.

వారానికొకసారి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ అదే బెంచీ. సందులోంచి పోయేవాళ్లు తొంగి చూసేవారు, కూరగాయల బండి వచ్చి ఆగేది, మేం మాట ఆపేసేవాళ్లం. సుధ గారికి కేసు చెప్పినప్పుడు ఆమె మొదట పట్టుకున్నది దాన్నే. వీధిలో కూర్చుని చేసేది సెషన్ కాదు, ముచ్చట అవుతుంది అన్నారు. భర్త పోయిన దుఃఖం కుంగుబాటులోకి దిగిందనీ, నాగమణి మనుషులకు దూరంగా జరుగుతోందనీ సుధ గారి అంచనా. మందుల కోసం మానసిక వైద్యుడికి రెఫర్ చేయమన్నారు. హోంవర్క్ కూడా ఇమ్మన్నారు. హోంవర్క్ అంటే, వచ్చే వారంలోగా క్లయింటు చేయాల్సిన ఒక చిన్న పని. మేం ఇచ్చింది ఇది: పక్క క్వార్టర్‌కు వెళ్లి కాసేపు కూర్చుని టీ తాగి రావాలి.

తలూపి వెళ్లేది. మళ్లీ వారం వచ్చేది. వెళ్లావా అంటే, “పోత మేడం” అనేది. ఆ ‘పోత’ విని విని నాకు ఒళ్లు మండేది. ఆమె ముందు చూపించేదాన్ని కాదు గానీ, ఆమె వెళ్లాక రజిత మీద విసుక్కునేదాన్ని. వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదు. క్యాలెండర్‌లో నెల మారింది. యాదగిరి ఫోన్ చేసి గడువు గుర్తు చేసేవాడు. నేనేం పూలదండలు కడుతూ కూర్చోలేదని ఒకసారి ఆయన మీద కూడా గట్టిగానే అన్నాను.

తొలకరి ఆమె వచ్చిన రోజే పడింది. ఉన్నట్టుండి గాలి లేచి, వాన ఏటవాలుగా వరండాలోకి కొట్టింది. నేను కేస్ షీట్ చంకలో పెట్టుకుని, కుర్చీ లాక్కుని గదిలోకి పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే నాగమణి రాలేదు. బెంచీ వదిలి, గోడకు ఆనుకుని, గుమ్మం పక్కన నిలబడింది. వాన ఆమె మీదే పడుతోంది. రజిత చెయ్యి పట్టి లాగబోతే వద్దని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉక్కపోత అనడానికి అప్పుడు ఉక్క లేదు. తలుపులు మూసిన గదంటే భయమనుకుందామంటే తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఆమె కాలి వేళ్లు గడపకు జానెడు దూరంలో ఆగి ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు.

నేను బయటికి వచ్చి, వానలో ఆమె పక్కన నిలబడి అడిగాను, నిన్ను నిద్రకు ఎవరూ తీసుకెళ్లలేదా అని.

అన్ని వారాల్లో ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఈ తరం పాఠకులకు చెప్పాలి. మా వైపు ఇంట్లో చావు జరిగి కర్మకాండ అయ్యాక, కావలసినవాళ్లు వచ్చి ఆ ఇంటివాళ్లను తమ ఇంటికి తీసుకెళ్తారు. ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టుకుని, అన్నం పెట్టి, కొత్త బట్టలిచ్చి పంపుతారు. దీన్నే నిద్ర చేయించడం అంటారు. భర్త పోయిన ఆడమనిషినైతే పుట్టింటివాళ్లు తీసుకెళ్లాలి. ఆ నిద్ర అయ్యేదాకా ఇంకొకరి గడప తొక్కరు. అయ్యాక మనిషి మళ్లీ నలుగురిలోకి వచ్చినట్టు లెక్క. తనంతట తాను వెళ్లి పడుకుంటే కుదరదు, ఎవరో ఒకరు వచ్చి పిలిచి తీసుకెళ్లాలి. మా అమ్మ పోయినప్పుడు మా చెల్లెలు కరీంనగర్ నుంచి వచ్చి నన్ను తీసుకెళ్లింది. ఆఫీసులో పనుందని నేను సణుక్కుంటూనే వెళ్లాను. చదువుకున్నదాన్ని కదా! తిరిగొచ్చాక మాత్రం అమ్మ లేని ఇంట్లోకి తాళం తీసుకుని వెళ్లగలిగాను.

నాగమణికి పుట్టిల్లు లేదు. చిన్నప్పుడే అనాథ బాలికల వసతిగృహంలో చేరింది. తనను అక్కడ ఎవరు వదిలారో ఆమెకు తెలియదు. పెళ్లి కూడా వార్డెనమ్మే చేసింది. మొగుడి వైపు మిగిలింది జనగామ దగ్గర ఒక బావ. ఆయన కర్మ చేసి వెళ్లిపోయాడు. ఆయనదీ అదే వంశం, అదే మైల పట్టిన ఇల్లు కాబట్టి అక్కడికి వెళ్తే అది నిద్ర కాదు.

మామూలుగా ఎవరైనా అడిగే మాటే నేనూ అడిగాను. ఇవన్నీ నమ్ముతావా నాగమణీ అని. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది.

“నమ్ముడు కాదు మేడం. పెండ్లయి వచ్చినప్పటి నుంచి ‘హాస్టల్ పిల్ల, దీనికేం తెలుసు’ అని అత్తగారి దిక్కు అందరు అంటుండ్రి. అందుకే ఒక్కటి సుత తప్పకుండ చేసిన. ఇప్పుడిది తప్పితే, చూసిన్రా, అంటరు.”

ఈ ఒక్క మాటతో నాకు కేసంతా విడిపోయింది. ఇల్లున్నవాళ్లు ఆచారం తప్పినా ఇల్లు ఉంటుంది. ఇల్లు లేనివాళ్లకు ఆచారమే ఇల్లు. ఆమె మనుషులకు దూరంగా జరగడం లేదు. తనను లోపలికి పిలిచేవాళ్ల కోసం ఆగి ఉంది. కేస్ షీట్‌లో ‘తప్పించుకునే ప్రవర్తన’ అని రాసిన చోట గీత కొట్టాను.

గుళ్లో నిద్ర చేయవచ్చు కదా అని ఇరుగుపొరుగు అన్నారట. ఎవరూ లేనివాళ్లు అలా చేస్తారు, అదీ చెల్లుతుంది. దానికి నాగమణి ఒప్పుకోలేదు. “గుడికి పోతే, నాకు దిక్కు లేదని నేనే నలుగురికి చెప్పుకున్నట్టయితది” అంది. మొగుడి తోడున్నన్నాళ్లూ దాచుకున్న సంగతి ఇప్పుడు బయటపెట్టడం ఆమెకు చావుతో సమానం.

సుధ గారు ఈసారి శ్రద్ధగా విన్నారు. తన అంచనా మార్చుకున్నారు కూడా. అందుకు ఆమెను మెచ్చుకోవాలి. అయితే ఆమె చెప్పిన దారి ఒకటే: నాగమణి ఆచారం ఆమెది, దాన్ని గౌరవించండి, ఆమె మనుషుల్లోనే ఎవరినైనా వెతకండి, మనం మధ్యలోకి వెళ్లకూడదు. నేను వెతికాను. వసతిగృహానికి వెళ్లాను. పాత వార్డెనమ్మ పోయి చాలాకాలమైంది. కొత్తావిడ నాగమణి పేరు విని జాలిపడింది గానీ, చీకటి పడ్డాక బయటివాళ్లెవరినీ ఉంచకూడదని నియమం ఉంది. పిల్లల భద్రత కోసం పెట్టిన నియమం, తప్పు పట్టలేం. పక్క క్వార్టర్ ఆవిడను యాదగిరితో అడిగిస్తే, సొంతవాళ్లు చేయాల్సిన పని మేమెలా చేస్తాం సార్, పైగా మా కోడలు నెలలు నిండి నీళ్లాడే మనిషి అందట. ఆవిడ మాటలోనూ దురుసు లేదు. యాదగిరి తన భార్యను అడిగి చూస్తానన్నాడు, తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నేనూ రెట్టించలేదు.

గడువు దగ్గరికొచ్చేసింది. ఉద్యోగం, క్వార్టర్, ఆమె బతుకు, అన్నీ ఒక్క రాత్రి మీద ఆగి ఉన్నాయి. ఆ రాత్రి ఇవ్వడానికి ఇంత ఊళ్లో ఒక్క ఇల్లు లేదు.

నాకొక ఇల్లుంది. సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేటలో, రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ రాత్రి పడుకోలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. రోజంతా పదిమంది కష్టాలు విని, ఒక్కటీ ఎవరికీ చెప్పకూడని ఉద్యోగం నాది. ఇంటికెళ్లి గోడలతో మాత్రం చెప్పుకుంటామా! అలవాటైన ఒంటరితనమే, అయినా అది ఒంటరితనమే.

మరుసటి వారం వరండాలో నాగమణితో అన్నాను, నేను వచ్చి తీసుకెళ్తాను, మా ఇంట్లో నిద్ర చేద్దువుగాని అని.

సంతోషిస్తుందనుకున్నాను.

“మీరు డ్యూటీల భాగంగ తీస్కపోతున్నరా, మీ మనిషినని తీస్కపోతున్నరా?” అని అడిగింది. “డ్యూటీ అయితే అది నిద్ర గాదు మేడం.”

చెబుతానని పంపేశాను.

మా వృత్తిలో ఒక గట్టి నియమం ఉంది. కౌన్సెలర్‌కూ క్లయింటుకూ కౌన్సెలింగ్ తప్ప ఇంకో సంబంధం ఉండకూడదు. చుట్టరికం, స్నేహం, వ్యాపారం, ఏదీ పనికిరాదు. రెండు సంబంధాలు కలిస్తే క్లయింటు నిజం చెప్పలేదు, కౌన్సెలర్ నిజం వినలేదు. నేనే ఎన్నో శిక్షణ తరగతుల్లో జూనియర్లకు నేర్పిన పాఠం ఇది. మంచి నియమం. దాని వల్ల చాలామంది ఆడవాళ్లకు మేలు జరగడం నా కళ్లారా చూశాను.

సుధ గారికి ఫోన్‌లో చెప్పకుండా, ఆమె వచ్చే రోజు దాకా ఆగి ఎదురుగా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. “మీరు ఆమెకు కౌన్సెలరైనా కావాలి, పుట్టిల్లైనా కావాలి. రెండూ కుదరవు. ఏదో ఒకటి తేల్చుకోండి” అన్నారు. పుట్టిల్లే అయితే కేసు రజితకు బదిలీ చేయాలి. ఆ తర్వాత కేసు గురించి రజితను అడగకూడదు, ఫైలు ముట్టకూడదు. నాగమణి మా కేంద్రంలో క్లయింటుగా ఉన్నంతకాలం ఆమె ఇంటికి నేను వెళ్లకూడదు, నా ఇంటికి ఆమె రాకూడదు. ఆ ఒక్క రాత్రికి మాత్రం సుధ గారు తన బాధ్యత మీద, కారణాలు రాసి, అనుమతి ఇచ్చారు. ఆమె స్థానంలో నేనుంటే ఆ మాత్రం కూడా ఇచ్చేదాన్ని కాదేమో.

బదిలీ కాగితం మీద అక్కడే సంతకం పెట్టాను. సాయంత్రం నాగమణికి కబురు చేశాను, నా మనిషివనే తీసుకెళ్తున్నానని. మంగళవారం వద్దంది. బుధవారం వెళ్లాను.

లాలాగూడలో ఆ క్వార్టర్ ముందు ఆటో దిగేసరికి పక్కవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. వాళ్లు చూడాలనే సాయంత్రం వెలుగుండగా రమ్మని నాగమణి చెప్పి పంపింది. ఆమె తాళం వేసి, ఎవరి వైపూ చూడకుండా నా పక్కన ఆటో ఎక్కింది. నీళ్ల సీసా తెచ్చుకోలేదు.

మా ఇంటి గడప మీద కాలు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగింది. రా లోపలికి అన్నాను. వచ్చింది. కాళ్లు కడుక్కుని, నేను వండిన పప్పు, వంకాయ కూర తింది. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పింది! అన్ని వారాల్లో ఆమె నాకు ఎదురు చెప్పిన మొదటి మాట అదే, నాకు నవ్వొచ్చింది. తర్వాత హాల్లో చాప మీద అమ్మ దుప్పటి కప్పుకుని పడుకుంది. తల వాల్చిన కాసేపటికే గాఢంగా నిద్రపోయింది. నేను లోపలి గదిలో పడుకుని ఆమె ఊపిరి వింటూ ఉన్నాను. ఇంట్లో ఇంకొక మనిషి ఉంటే ఇల్లు ఇలా ఉంటుందన్నది నేను మరిచిపోయాను. ఆ రాత్రి నాకు చాలా సంతోషంగానూ, దానికి రెట్టింపు బెంగగానూ ఉంది.

తెల్లవారకముందే లేచి తలస్నానం చేసింది. నేను కొన్న చీర కట్టుకుంది. ఇలాంటప్పుడు వెళ్లేవాళ్లు ‘వెళ్లొస్తా’ అనరు, పంపేవాళ్లు ‘మళ్లీ రా’ అనరు. ఆమె మెట్లు దిగిపోయింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఆ వారంలోనే వైద్య పరీక్షకు వెళ్లింది. గడువులోపే డ్యూటీలో చేరింది. క్వార్టర్ ఆమె పేరున మార్చడానికి యాదగిరి కాగితాలు పెట్టాడు. తర్వాత ఒక బుధవారం గుర్తింపు కార్డు మెళ్లో వేసుకుని మా కేంద్రానికి వచ్చింది. వరండాలో ఆగకుండా తిన్నగా రజిత గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను వంటింట్లో ఫైళ్లు సర్దుకుంటూ కూర్చున్నాను. బయటికి వచ్చాక ఆమెను ఆపి నియమం సంగతి చెప్పాను. ఇక్కడ నీ కేసు నడుస్తున్నంతకాలం నువ్వు మా ఇంటికి రాకూడదు, నేను మీ ఇంటికి రాకూడదు అని. ఎలా చెప్పాలో రెండు రోజులు ఆలోచించుకుని మరీ చెప్పాను. ఆమెకు నేను అనుకున్నంత కష్టం కలగలేదు.

“పుట్టిల్లు ఉంటే సాలు మేడం. పోవాల్ననే ఉన్నదా,” అంది.

ఆ మాటతో నా మనసు కుదుటపడింది. కేసు బాగా ముగిసిందని సుధ గారు అన్నారు. సంస్థ వాళ్లు ఆచారాలను కౌన్సెలింగ్‌లో ఎలా వాడుకోవచ్చో జూనియర్లకు చెప్పమని నన్ను పిలిచారు. పేర్లు చెప్పకుండా ఈ కేసే చెప్పాను. చప్పట్లు కొట్టారు.

దసరా అయ్యాక ఏదో పని మీద యాదగిరి కేంద్రానికి వచ్చాడు. టీ తాగుతూ మామూలుగా చెప్పిన మాట ఇది. పండుగకు క్వార్టర్లలో ఆడవాళ్లందరూ పుట్టిళ్లకు పోతుంటే, నిన్ను మీ వాళ్లు పిలవలేదా అని పక్కావిడ నాగమణిని అడిగిందట. పుట్టింటివాళ్లు వచ్చి నిద్రకు తీసుకెళ్లడం అందరూ చూశారు కదా, కాబట్టి అడిగింది. అలా తీసుకెళ్లినవాళ్లు తర్వాత వచ్చే తొలి పండుగకు పిలవకుండా ఉండరు. నాకా సంగతి తెలియక కాదు.

“‘మా అక్కకు సెలవు దొరకలేదట’ అన్నది మేడం,” అన్నాడు యాదగిరి. “ఆమెకు అక్క ఉన్నదని నాకు సుత తెల్వదు. కాగితాలల్ల ఎక్కడ రాయలే.”

ఆ దసరాకు మా కేంద్రానికి సెలవులిచ్చారు. సెలవులన్నీ నేను కార్ఖానాలో తలుపు వేసుకునే గడిపాను.

మరుసటి ఏడు రిటైరయ్యాను. నాగమణి కేసు మూశారో లేదో నాకు తెలియదు. రజిత చెప్పకూడదు, చెప్పలేదు. అడిగే అధికారం నాకు లేదు. నేను పిలవలేదు, పిలవకుండా ఆమె రాలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. మన దగ్గరికి వచ్చే మనిషి నమ్మకాలను తెలుసుకోవాలి, గౌరవించాలి అని ఇప్పుడు అన్ని పాఠ్య పుస్తకాల్లోనూ రాస్తున్నారు. నిజమే. కానీ ఆచారం మనం ఒక సాయంత్రం వాడుకుని తిరిగి బీరువాలో పెట్టుకునే పనిముట్టు కాదు. ఒకరిని నిద్రకు తీసుకెళ్తే ఆ ఏటి పండుగకు కూడా పిలవాలి. అది చేయలేకపోతే, ఆమె ఉద్యోగాన్ని నిలబెట్టామని చెప్పుకోవచ్చు గానీ, ఆమె ఆచారాన్ని పాటించామని చెప్పుకోకూడదు.